ఆదివారం రాత్రి లెక్క

అమెరికాలోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఈ ముచ్చట వస్తుంటుంది. బెల్లు మోగితే అమెజాన్ వాడనుకుని తలుపు తీశాం, చూస్తే తెల్లచొక్కాలు, టైలు, జేబుమీద నల్లటి పేరు బిళ్ళలతో ఇద్దరు కుర్రాళ్ళు, ఎండనపడి వచ్చారు కదా అని మంచినీళ్ళిచ్చి పంపేశాం అని. ఆ తర్వాత చర్చ ఎప్పుడూ ఒకే దారిన నడుస్తుంది. "మూతిమీద మీసం కూడా సరిగా రాలేదండీ. ఇంటికి ఫోన్ చేసుకోనివ్వరట. బాత్రూముకి తప్ప ఒంటరిగా ఎక్కడికీ పోనివ్వరట. జైలు నయం" అని ఒకరు. "అంతా బ్రెయిన్‌వాష్" అని ఇంకొకరి ముక్తాయింపు.

ఆ కుర్రాళ్ళు మార్మన్ మిషనరీలు, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ తరఫున ఇంటింటికీ తిరిగి మతప్రచారం చేసేవాళ్ళు. ఫోన్ మాట పాతబడిపోయింది. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి, వాళ్ళ సెలవురోజున, ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చు. అంతకుముందు ఏడాదికి రెండే కాల్స్, క్రిస్మస్‌కొకటి, మదర్స్ డేకొకటి. మిగతాదంతా వారానికో ఈమెయిలు. బాత్రూము మాట మాత్రం దాదాపు నిజమే. కానీ మనం జాలిపడుతున్న చోటు తప్పని నాకనిపిస్తుంది. ఎప్పుడూ ఒక జోడీ పక్కనే ఉండాలన్న ఆ నియమమే పరాయి దేశంలో ఆ పిల్లల్ని నిలబెడుతుంది. వాళ్ళని నలిపేసేది మన గుమ్మంలో కనిపించదు. ఆ వారం ఎందరికి బోధించారో ఆదివారం రాత్రి పైవాళ్ళకి పంపాల్సిన అంకెల పట్టికలో ఉంటుంది.

పేరు గురించి ఒక మాట. మార్మన్ అనొద్దని 2018లో వాళ్ళ అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ గట్టిగానే చెప్పాడు. 'యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము' అని ప్రతిసారీ రాస్తే సగం వ్యాసం దానికే పోతుంది గనక పాత పేరే వాడుతున్నాను, నొప్పించాలని కాదు. ఇది మనకు మరీ పరాయి సంగతి కూడా కాదు. మన దేశంలో వాళ్ళ మొట్టమొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012 మేలో హైదరాబాదులోనే ఏర్పడింది. అయినా ఇక్కడ నేను తీసుకునే ఉదాహరణ జపాన్. 1901లో మొదలై, 1924లో మూతపడి, 1948లో మళ్ళీ తెరుచుకున్న మిషన్ అది. తలుపులు మర్యాదగా, గట్టిగా మూసుకునే దేశం. అక్కడ అంకెల పట్టిక చేసే పని స్పష్టంగా కనపడుతుంది.

దీక్షలాంటి రోజు

ఈ ప్రచార సేవని వాళ్ళు మిషన్ అంటారు. అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18. ఏ దేశం వెళ్ళాలో వాళ్ళు కోరుకోలేరు, ఉత్తరంలో ఏది వస్తే అదే. ఖర్చు సొంతం. అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళు 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు కట్టాలి, అంతకుముందు 400. టోక్యోకి పంపినా పెరూకి పంపినా అదే రేటు. అందులోంచి వాళ్ళ మిషన్ ఆఫీసు, ఆ ఊరి ధరల్ని బట్టి, తిండికీ ప్రయాణానికీ నెలనెలా కార్డులో వేస్తుంది.

పాత దినచర్య ఇలా ఉండేది. 6:30కి లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, తిండి. 8 నుంచి 9 దాకా ఎవరి చదువు వాళ్ళది, 9 నుంచి 10 దాకా జోడీతో కలిసి చదువు, భాష కొత్తవాళ్ళకి ఆపైన ఇంకో అరగంటో గంటో. ఆ తర్వాత వీధిలోకి. మధ్యాహ్నం భోజనానికో గంట, రాత్రి భోజనానికో గంట. 9కి గది చేరి, రేపటి పని రాసుకుని, 10:30కి దీపం ఆర్పాలి. 2017 జనవరిలో దీన్ని సడలించి, దేశాన్ని బట్టి వేళలు అటూ ఇటూ జరుపుకోవచ్చన్నారు. చట్రం మాత్రం అదే.

ఇది చదివి అయ్యో అనేవాళ్ళు మన ఇంటర్ రెసిడెన్షియల్ హాస్టళ్ళని ఒకసారి తలుచుకోవాలి. తెల్లవారకముందే లేపి, రాత్రి పదిదాకా స్టడీ అవర్లు పెట్టి, ఫోను వార్డెన్ గదిలో దాచి, నెలకోసారి ఔటింగ్ ఇచ్చే చోటికి పదిహేనేళ్ళవాణ్ణి లక్షలు కట్టి పంపుతున్నాం. వీళ్ళు కనీసం పద్దెనిమిది నిండినవాళ్ళు, తమంతట తాము అర్జీ పెట్టుకుని వచ్చినవాళ్ళు. ఇల్లు, సంఘం, స్నేహితుల ఒత్తిడి ఉండదా అంటే ఉంటుంది. ముఖ్యంగా మార్మన్లు ఎక్కువగా ఉండే యూటా రాష్ట్రంలో మిషన్‌కి వెళ్ళని అబ్బాయికి పెళ్ళి మాటల్లోనే తేడా తెలుస్తుంది. హాస్టల్‌కి వెళ్ళనన్న మన పిల్లవాడి మీద ఉండే ఒత్తిడి ఇంతకంటే తక్కువేమీ కాదు.

నాకు దీనికి దగ్గరగా తోచేది అయ్యప్ప దీక్ష. మాల పడగానే సుబ్బారావు సుబ్బారావు కాడు, స్వామి అవుతాడు. బట్ట, తిండి, పడక, పిలుపు అన్నీ మారతాయి. వీళ్ళకీ మొదటి పేరు రెండేళ్ళు పక్కకి పోతుంది. ఇంటిపేరుకి ముందు ఎల్డర్ లేదా సిస్టర్. జపాన్‌లో ఎల్డర్‌ని 'చోరో' అంటారు, ఇంటిపేరు తర్వాత తగిలిస్తారు. ఆ మాటకి అక్కడి జనం చెవిలో పడే అర్థం తలపండిన పెద్ద. చెంపలమీద మొటిమలున్నవాడు తనని తాను 'చోరో' అని పరిచయం చేసుకుంటుంటే అపార్ట్‌మెంట్ బామ్మలకి నవ్వు రాక ఏమొస్తుంది. దీక్షకీ దీనికీ ఉన్న తేడా కూడా చెప్పుకోవాలి. మాల వేసుకున్నవాణ్ణి నలభై ఒక్క రోజుల తర్వాత ఎంతమందిని శబరిమల ఎక్కించావని ఎవరూ అడగరు.

వాల్ ట్యూబూ, పద్నాలుగు రోజుల గడువూ

వీళ్ళ రోజంతా ప్రార్థనలూ పాఠాలతో నిండి ఉంటుందని అనుకుంటాం. సమయాన్ని ఎక్కువగా మింగేది చిల్లర పనులు. జపాన్‌లో అందులో మొదటిది సైకిలు. చాలా ఊళ్ళలో అదే వాళ్ళ వాహనం. హెల్మెట్ పెట్టుకోవడం మిషనరీలకు ఎప్పటినుంచో తప్పనిసరి. జపాన్ చట్టం అందర్నీ పెట్టుకోమన్నది 2023 ఏప్రిల్ నుంచే, అదీ జరిమానా లేకుండా. అందుకే అంతకాలం హెల్మెట్, టై కలిపి కనపడితే వీధి చివర నుంచే గుర్తుపట్టి తలుపులు వేసుకునేవాళ్ళకి సులువుగా ఉండేది.

అక్కడి ఊరి సైకిళ్ళకు ఉండేది మన పాత అట్లాస్, హీరో సైకిళ్ళకున్న వాల్వే. లోపల సన్నటి రబ్బరు గొట్టం, మనం వాల్ ట్యూబు అంటామే, అదే. జపనీయులు దాన్ని 'ముషి గొము', పురుగు రబ్బరు అంటారు. అది ఏడాదిలో ఎండి చీలుతుంది. పొద్దున గాలి కొడితే సాయంత్రానికి దిగిపోతుంది. అమెరికా కుర్రాడు ఇంటి దగ్గర ఆ రకం వాల్వు చూసి ఉండడు గనక పంక్చరనుకుని టైరంతా విప్పుతాడు, కన్నం ఎక్కడా దొరకదు, గంట పోతుంది. కొన్ని యెన్‌లకు వచ్చే రబ్బరు ముక్క మారిస్తే అయిపోయేది.

నిజం పంక్చరైతే ట్యూబుమీద పక్కపక్కనే రెండు కన్నాలుంటాయి, పాము కాటులాగా. గాలి తక్కువున్న చక్రాన్ని పేవ్‌మెంటు అంచు మీదికి ఎక్కించినప్పుడు రిమ్ముకీ అంచుకీ మధ్య ట్యూబు నలిగి పడేవి అవి. టైరు ఒక పక్క లీవరుతో ఊడదీసి, ట్యూబు లాగి, కాస్త గాలి నింపి నీళ్ళలో ముంచితే బుడగలు చెబుతాయి. తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, తడి పోయి బంకలా అయ్యేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి. ఆగకుండా ప్యాచీ అద్దేస్తే మర్నాడు మళ్ళీ అదే పని. రెండో కన్నం చూడకపోతే అరగంటకే మళ్ళీ అదే పని. అమ్మాయిలకైతే లంగా అంచు వెనక చక్రంలో పడకుండా క్లిప్పులు పెట్టుకోవడం అదనం. 2018 డిసెంబరులో వాళ్ళకి ప్యాంట్లు అనుమతించాక ఆ బాధ కొంత తగ్గింది. ఇక స్టేషను ముందు నిషేధమున్న చోట ఆపితే మునిసిపాలిటీ లారీ ఎక్కించుకుపోతుంది, విడిపించుకోవడానికి వేల యెన్‌లు.

రెండోది కాగితాలు. ఆరు వారాలకోసారి 'ట్రాన్స్‌ఫర్' వస్తుంది. ప్రతిసారీ అందరూ మారరు, మూడు నుంచి ఆరు నెలలదాకా ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళే ఎక్కువ. మారినవాళ్ళు మాత్రం పాత ఊరి పురపాలక కార్యాలయంలో వెళ్ళిపోతున్నట్టు రాయించి, కొత్త ఊళ్ళో అడుగుపెట్టిన 14 రోజుల్లో వచ్చినట్టు రాయించాలి. విదేశీయుడు ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాల్సిన నివాస కార్డు వెనక కొత్త చిరునామా ముద్ర పడాలి. పడకపోతే జరిమానా, 90 రోజులు దాటితే వీసాకే ఎసరు. ఈ పని సోమవారం పెట్టుకుంటే సెలవురోజు పోతుంది, మామూలు రోజు పెట్టుకుంటే పని గంటలు పోతాయి. పెట్టెలు కొరియరులో ముందే వెళ్ళిపోతాయి గనక మార్చుకోవాల్సిన చొక్కా ఒకటి చేతిసంచిలో ఉంచుకోవడం అనుభవం మీద వచ్చే తెలివి.

మూడోది చెత్త. కాలే చెత్త వారానికి రెండు రోజులు, ప్లాస్టిక్ ఒకరోజు, సీసాలూ డబ్బాలూ ఇంకోరోజు. చాలా ఊళ్ళలో మునిసిపాలిటీ సంచుల్లోనే, పొద్దున ఎనిమిదిలోపే పెట్టాలి. తప్పు పెడితే స్టిక్కరంటించి అక్కడే వదిలేస్తారు. ఆ సంచి ఎవరిదో వాడకట్టంతటికీ తెలుసు. మధ్యాహ్నం అదే వాడకట్టులో బెల్లు నొక్కి దేవుడి మాట చెబుతామంటే ఎవరు వింటారు?

టీ సంగతి కూడా ఇందులోదే. వాళ్ళకి మద్యం, పొగాకు, కాఫీతోపాటు టీ కూడా నిషిద్ధం. ఎవరైనా లోపలికి పిలిచారంటే ముందు వచ్చేది టీ గ్లాసే. బార్లీతో కాచే 'ముగిచా', గోధుమలాంటి 'సోబా' గింజలతో కాచే 'సోబాచా' తాగొచ్చు, ఎందుకంటే వాటిలో తేయాకు లేదు. గ్రీన్ టీ, ఊలాంగ్, వేయించిన ఆకు 'హోజిచా' కూడదు. వేయించిన బియ్యం కలిపే 'గెన్మైచా' పేరులో బియ్యమున్నా ఆకు కూడా ఉంటుంది గనక కూడదు. అన్నిటి పేరు చివరా 'చా' అనే ఉంటుంది. సీసా వెనక అక్షరాలు చదవడం రాని మొదటి నెలలో వడ్డించినావిడని అడగడం తప్ప దారి లేదు. నీళ్ళు చాలండీ అనడం అన్నిటికన్నా క్షేమం.

ఇన్ని వివరాలు ఎందుకంటే, ఈ పనులన్నిటిలో కష్టానికీ ఫలితానికీ లంకె కనపడుతుంది. ప్యాచీ సరిగా వేస్తే గాలి నిలుస్తుంది. చెత్త సరిగా వేరుచేస్తే ఎదురింటావిడ తల ఊపుతుంది. ఇంటికి దూరంగా ఉన్న పద్దెనిమిదేళ్ళవాడికి రోజూ ఇలాంటి చిన్న గెలుపులు నాలుగైనా కావాలి.

జోడీ నియమం

నియమం మాట ఇది. కంపానియన్, అంటే జోడీలో రెండోవాడు, కనిపించేంత, వినిపించేంత దూరంలోనే ఎప్పుడూ ఉండాలి. ఒకే గదిలో, వేరువేరు పడకలమీద పడుకోవాలి. స్నానాల గది, ఆ ప్రాంతపు మిషనరీలందరి మీదా పెద్ద అయిన మిషన్ అధ్యక్షుడితో ఏకాంత సంభాషణ, ఇవే మినహాయింపులు. ఎవరితో ఉండాలో పైవాళ్ళే నిర్ణయిస్తారు. జపనీయంలో కంపానియన్‌ని 'దోర్యో' అంటారు, సహోద్యోగి అని అర్థం. స్నేహితుడని అనకపోవడం బాగుంది.

దీనిమీద విమర్శ తేలిగ్గా తీసేయదగింది కాదు. ఒకరికి జ్వరమొస్తే ఇద్దరూ గదిలో ఉండిపోవాలి. ఒకడు బద్ధకస్తుడైతే ఇంకొకడి రోజులూ పాడు. ఇద్దరికీ పడకపోతే ఆరు వారాలంటే ఎంత పొడుగో వాళ్ళకే తెలుసు. పైగా ప్రతివాడూ వారానికోసారి అధ్యక్షుడికి ఉత్తరం రాస్తాడు. అందులో జోడీ గురించి ఏమైనా రాయొచ్చు. ఇది నిఘా కాదా? కొంతవరకు నిఘానే.

అయినా తొమ్మిది వారాల శిక్షణతో జపాన్‌లో దిగినవాడి మొదటి నెల ఎలా ఉంటుందో చూడండి. ఇంటర్‌కమ్‌లోంచి ఒక గొంతు 'కెక్కో దెసు' అంటుంది. శిక్షణలో ఆ మాటకి బాగుంది అని నేర్చుకున్నాడు. ఇక్కడ దాని అర్థం అక్కర్లేదు. బాగుందన్నారు కదా అని వాడు ఇంకో రెండు వాక్యాలు మొదలుపెడితే అది మొరటుతనం. పక్కనున్నవాడు ఎనిమిది నెలల పాతవాడైతే, వంగి నమస్కరించి, వెనక్కి లాగి, మెట్లు దిగుతూ ఆ తేడా చెబుతాడు. కొత్తవాడికి మొదటి 12 వారాలు ఇలాంటి పాతకాపునే జోడీగా ఇస్తారు. ఈ పని ఏ పుస్తకమూ చేయలేదు.

రోజుకి కొన్ని పదులసార్లు వద్దనిపించుకునే పని ఇది. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలిన ఓమ్ షిన్‌రిక్యో తర్వాత జపనీయులకు కొత్త మతం అనే మాటే చేదయింది. 2022లో మాజీ ప్రధాని షింజో అబే హత్య తర్వాత, హంతకుడి కోపానికి మూలమైన యూనిఫికేషన్ చర్చి గొడవతో ఆ చేదు ఇంకా పెరిగింది. ఆ రెండిటితోనూ ఏ సంబంధమూ లేని కుర్రాడు గుమ్మంలో ఆ బరువంతా మోస్తాడు. వద్దనడాన్ని ఒంటరిగా మోస్తే అది తన లోపమనిపిస్తుంది. ఇద్దరు కలిసి మోస్తే, మెట్లమీద కూర్చుని కన్వీనియన్స్ స్టోర్‌లో కొన్న ఒనిగిరి, అదే అన్నం ముద్ద, తింటూ నవ్వుకోవచ్చు.

ఈ నియమానికి లోపల కొన్ని తెరపిళ్ళూ ఉన్నాయి, బయటివాళ్ళకు తెలియవు. వారం ప్రణాళిక వేసుకునే రోజు చివర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఏం బాగుంది, ఏం బాగాలేదు అని చెప్పుకోవాలి. మొదట్లో ఇద్దరూ 'అంతా బాగుంది' అని లేచిపోతారు. మూడో వారంలో గిన్నెలు ఎవరు కడుగుతున్నారన్న దగ్గర అసలు మాట మొదలవుతుంది. ఇంకొకటి 'ఎక్స్‌చేంజ్'. నాయకుడి జోడీతో ఒక రోజు అదలాబదలా. నలిగిపోతున్నవాడు నోరు విప్పేది చాలాసార్లు ఆ ఇరవైనాలుగు గంటల్లోనే. చదువుకోసమో ఉద్యోగంకోసమో ఒంటరిగా విదేశం వెళ్ళి గదిలో తలుపేసుకుని కుంగిపోయే మన పిల్లల సంగతి తెలిసినవాళ్ళెవరూ ఎప్పుడూ ఒకడు పక్కనుండాలన్న నియమాన్ని చూసి నవ్వరు.

నా సందేహం ఒకటే. పక్కనున్నవాడే బాధపెట్టేవాడైతే? అప్పుడు ఈ నియమం తలుపుకి బయట గడియే. అధ్యక్షుడు ఉత్తరం చదివి వెంటనే జోడీ మార్చేవాడైతే సరే. మార్చకపోతే, ఓర్చుకో, ప్రార్థించు అంటే, నియమాన్ని ఎంత సమర్థించినా లాభం లేదు. అధ్యక్షుడంటే భార్యతో కలిసి మూడేళ్ళకి వచ్చే పెద్దమనిషి, తన చేతికింద వందకీ రెండువందలకీ మధ్య పిల్లలుంటారు. అందరి ఉత్తరాలూ అంత శ్రద్ధగా చదివే ఓపిక అందరికీ ఉండదు.

ఆదివారం రాత్రి

ఇప్పుడు అసలు సంగతి. ఈ వారం కొత్తగా ఎంతమందికి చెప్పడం మొదలుపెట్టారు, ఎన్ని పాఠాలు చెప్పారు, వాటిలో స్థానిక సభ్యుడు పక్కనున్నవెన్ని, ఆదివారం ఆరాధనకు ఎందరొచ్చారు, బాప్తిస్మానికి ఎందరు తేదీ ఒప్పుకున్నారు, ఎందరు పొందారు. జోడీ నుంచి డిస్ట్రిక్ట్ లీడరుకి, అక్కణ్ణుంచి జోన్ లీడరుకి, ఆపైన అధ్యక్షుడి సహాయకులకి. ఒకప్పుడు ఆదివారం రాత్రి ఫోన్లో చదివేవాళ్ళు, ఇప్పుడు యాప్‌లో ఎక్కిస్తారు. డిస్ట్రిక్ట్ లీడరంటే పెద్దవాడేమీ కాదు, అదే వయసువాడే, తన కింద ఉన్న మూడు నాలుగు జోడీల సున్నాలు తన మెడకి చుట్టుకుంటాయేమోనని భయపడేవాడు.

అంకె అడిగితే అంకె పుడుతుంది. 2004లో వచ్చిన శిక్షణ పుస్తకం ప్రకారం, ప్రార్థన చేసి ఒక్క సూత్రమైనా బోధిస్తే అది పాఠం కింద లెక్కయ్యేది. దాంతో స్టేషను బయట ఆపినవాడితో మూడు నిమిషాలు మాట్లాడి, ఒక చిన్న ప్రార్థన చేద్దామా అంటే పాఠం అయిపోయినట్టే. బాప్తిస్మం తేదీ అడిగితే జపనీయుడు 'కంగాఎతే ఒకిమాసు', ఆలోచిస్తానండీ, అంటాడు. మన దగ్గర 'చూద్దాం లెండి' అన్నట్టే, వద్దని అర్థం. కొత్తవాడి పట్టికలో అది తేదీ ఒప్పుకున్నవాడి కింద పడుతుంది. ఆదివారం ఆ మనిషి రాడు. వచ్చే వారం పట్టికలో ఒకటి తగ్గుతుంది, ఎందుకు తగ్గిందని ఫోనొస్తుంది. ఇది మోసం అనను. రాంక్ షీటు గోడకి అంటించే హాస్టల్లో పెరిగిన ఎవరికైనా తెలుసు ఇది ఎలా జరుగుతుందో.

శ్రుతిమించిన చరిత్ర కూడా ఉంది. 1960 ప్రాంతంలో ఇంగ్లండులో మిషనరీలు మగపిల్లల్ని బేస్‌బాల్ ఆటకి పిలిచి, జట్టులో చేరాలంటే బాప్తిస్మం అన్నట్టుగా ముంచేశారు. చాలామంది పిల్లలకీ వాళ్ళ అమ్మానాన్నలకీ ఏం జరిగిందో కూడా తెలియదు. తర్వాత ఆ పేర్లు రికార్డుల్లోంచి తీయడానికి సంఘం తలపట్టుకోవాల్సి వచ్చింది.

ఎంత కష్టపడితే అంత ఫలితమన్న నమ్మకమే ఈ పట్టిక వెనకున్నది. ఆ నమ్మకాన్ని సంఘం ప్రకటించిన లెక్కలే నిలబెట్టవు. 2012 అక్టోబరులో మిషన్‌కి వెళ్ళే వయసు అబ్బాయిలకు 19 నుంచి 18కీ, అమ్మాయిలకు 21 నుంచి 19కీ తగ్గించారు. 2012 చివర మిషనరీలు 58,990, ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్ళు 2,72,330. 2014 చివరకి మిషనరీలు 85,147, చేరినవాళ్ళు 2,96,803. మిషనరీలు నూటికి 44 మంది పెరిగితే చేరినవాళ్ళు 9 మంది పెరిగారు. కొత్తవాళ్ళకి పని నేర్చుకునే సమయం పట్టిందని అనొచ్చు, కొంత నిజమే. కానీ రెండేళ్ళు చాలదా? తలుపులు కొట్టేవాళ్ళు పెరిగినంత మాత్రాన తెరుచుకునే తలుపులు పెరగవనే నాకర్థమవుతోంది. 2024 లెక్కలు, 74,127 మంది మిషనరీలు, 3,08,682 మంది కొత్తవాళ్ళు, తీసుకుంటే తలకి ఏడాదికి నాలుగు పైచిలుకు. ప్రపంచమంతటి సగటు అది. ఆఫ్రికా, లాటిన్ అమెరికా దాన్ని పైకి లాగుతాయి. జపాన్‌లో రెండేళ్ళకి ఒకటో సున్నానో అయితే అది వాడి లోపమా?

ఇక్కడ మన ఒంగోలు గుర్తుకొస్తుంది. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మందికి ఒక్కరోజులో బాప్తిస్మం ఇప్పించిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ పేరు విననివాళ్ళు ప్రకాశం జిల్లాలో తక్కువ. ఆ అంకె అందరికీ గుర్తుంటుంది. దాని ముందుమాట అంతగా గుర్తుండదు. అంతకుముందు కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ కరువు పనులు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం అడిగినవాళ్ళకి ఇవ్వలేదు, గంజికోసం వచ్చారో దేవుడికోసం వచ్చారో తేలదని. ఆయన ఒంగోలు వచ్చింది 1866లో. అంటే భాష, కులం, ఆకలి అన్నీ తెలిశాక, పన్నెండేళ్ళ తర్వాత వచ్చిన అంకె అది. మతమార్పిడి మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకుంటుంది, ఆ చర్చ ఇక్కడ తేలదు. అంకెని ఆపుకున్న మిషనరీ ఒకడున్నాడని మాత్రం అంటాను. ఆరు వారాలకోసారి ఊరు మారే అవకాశమున్న కుర్రాడిని ప్రతి ఆదివారం అంకె అడగడం దానికి సరిగ్గా తిరగేసిన పద్ధతి.

లెక్కే లేకపోతే?

దీనికి జవాబు నాకు తెలుసు. లెక్క అడగకపోతే పద్దెనిమిదేళ్ళవాడు పదింటిదాకా పడుకుంటాడు. ఇది ఉత్త మాట కాదు. ముఖ్యంగా జనవరిలో, సన్నటి గోడల గదిలో, కిరోసిన్ హీటరు పక్కనుంచి లేచి హొక్కాయిదో మంచులోకి పోవడానికి ఏదో ఒక తోపుడు కావాలి. ఎవరిని ఎప్పుడు కలవాలి, ఎవరికి మళ్ళీ ఫోన్ చేయాలి అన్న రాత లేకపోతే నిజంగా వినాలనుకునే ఒకరిద్దరు కూడా జారిపోతారు. ఆ రాతపని ఉండాలి. తన పుస్తకంలో తన అంకె తాను చూసుకుంటే తప్పులేదు. పైకి పోయి, జోన్ మీటింగులో పక్కవాడి అంకె పక్కన నిలబడినప్పుడే అది విషమవుతుంది.

వాళ్ళ శిక్షణ పుస్తకంలో విజయమంటే నీ నిబద్ధత అనే రాసి ఉంది, ఎంతమందిని ముంచావని కాదు. పుస్తకం ఒకటంటుంది, ఆదివారం ఫోన్ ఇంకొకటి అడుగుతుంది. కుర్రాడు నమ్మేది ఫోన్‌నే.

ఇది మార్చలేనిదీ కాదు. ఇంటింటికీ తిరగడంలో వీళ్ళలాగే పేరుపడ్డవాళ్ళు యెహోవా సాక్షులనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్ళు. నెలనెలా ఇన్ని గంటలని లెక్క ఇవ్వడం వాళ్ళకి దశాబ్దాల అలవాటు. 2023 నవంబరు నుంచి మామూలు ప్రచారకులు గంటలు రాయనక్కర్లేదన్నారు. ఆ నెల పాల్గొన్నాను అని ఒక టిక్కు పెడితే చాలు. మార్మన్ల పట్టికలో కూడా 2018 ప్రాంతం నుంచి గడులు తగ్గాయి. ఇంకా తగ్గించవచ్చు. పాఠాల సంఖ్య గడి తీసేస్తే మూడు నిమిషాల స్టేషను పాఠాలు వాటంతటవే మాయమవుతాయి. తేదీ ఒప్పుకున్నవాళ్ళ గడి తీసేస్తే 'చూద్దాం లెండి' అన్నవాణ్ణి వెంటాడే పనీ ఉండదు. వారం వారం పెట్టే ఉచిత ఇంగ్లీషు తరగతికి వచ్చే రిటైరైన తాతయ్యని 'కొత్తవాడు' గడిలో వేయాలా వద్దా అన్న ధర్మసందేహం కూడా తప్పుతుంది. ఆయన వచ్చేది ఇంగ్లీషుకోసమే. పదేళ్ళుగా వస్తున్నాడంటే అదీ ఒక స్నేహమే.

ముందే ఇంటికి వచ్చేసినవాళ్ళ మాట కూడా అనుకోవాలి. కుంగుబాటుతో పదో నెలలో తిరిగొచ్చినవాణ్ణి వాళ్ళ సమాజం అడగకుండానే అడుగుతుంది, ఏం జరిగిందని. మనసు బాగోలేదని చెప్పేవాళ్ళు ఇప్పుడు పెరిగారు, వినేవాళ్ళూ పెరిగారు. ఆ పది నెలల్లో వాడెన్ని ఆదివారాలు సున్నా రాశాడన్నది ఎవరూ అడగరు.

జపాన్‌లో మిషనరీలు ఉండే అద్దెగదులు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి చేతులు మారుతుంటాయి. ఫ్రిజ్ తలుపుమీద అయస్కాంతం కింద ఒక కాగితం ఉంటే కొత్తగా వచ్చిన జోడీ అదృష్టవంతులు. కాలే చెత్త మంగళ, శుక్రవారాలు. పైఅంతస్తులో రాత్రి డ్యూటీ చేసే మనిషి ఉంటాడు, పొద్దున వ్యాయామం గెంతకుండా చేయండి. సూపర్‌మార్కెట్‌లో సగం ధర స్టిక్కర్లు ఏడున్నర తర్వాత. పరుపులు ఎండ ఉన్నరోజు తప్పకుండా ఆరేయండి, వానాకాలంలో అడుగున బూజు పడుతుంది. నీలం సైకిలుకి ఎడమ బ్రేకు పనిచేయదు. వాల్ ట్యూబులు రెండో సొరుగులో ఉన్నాయి.